లౌడన్ కౌంటీ బోర్డు ముందు మీ మాట వినిపించడం ఎలా?

ఆష్‌బర్న్‌లోనో ఆల్డీలోనో సౌత్ రైడింగ్‌లోనో ఇల్లు కొనుక్కున్న తెలుగువాళ్లకి ఈ అనుభవం ఎప్పుడో ఒకప్పుడు తప్పదు. సాయంత్రం నడకకి వెళ్తుంటే, ఇన్నాళ్లూ పార్కో ఇంకేదో వస్తుందనుకున్న ఖాళీ స్థలంలో ఒక నోటీసు పాతి ఉంటుంది. దగ్గరికెళ్లి చదివితే అక్కడ డేటా సెంటర్ (ఇంటర్నెట్ కంపెనీల కంప్యూటర్లు ఉంచే పెద్ద భవనం) కట్టడానికి ఎవరో దరఖాస్తు పెట్టారని తెలుస్తుంది. రాత్రికల్లా వాట్సాప్ గ్రూపులో రెండు వందల మెసేజ్‌లు. పిటిషన్ పెడదామని ఒకరు, లాయర్ని చూద్దామని ఒకరు, మధ్యలో శనివారం పాట్‌లక్‌కి పులిహోర ఎవరు తెస్తున్నారని ఇంకొకరు. వారం తిరిగేసరికి అంతా చల్లబడుతుంది. ఏడాది తరవాత ఇనప దూలాలు పైకి లేచాక మళ్లీ గోల మొదలు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే.

వర్జీనియా రాష్ట్రంలోని లౌడన్ కౌంటీలో ఉంటూ, ఒకసారైనా బోర్డు ముందుకెళ్లి మాట్లాడాలనుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఫెయిర్‌ఫాక్స్, ప్రిన్స్ విలియం కౌంటీల వాళ్లకి కూడా చాలావరకు పనికొస్తుంది, రాష్ట్ర చట్టం ఒకటే కాబట్టి. టెక్సస్, న్యూజెర్సీ పద్ధతులు వేరు, అక్కడివాళ్లు దీన్ని నమ్ముకుని వెళ్లకండి.

ముందుగా, అది ఎవరి పనో తేల్చుకోండి

ఈ ఒక్క పని సరిగ్గా చేస్తే సగం శ్రమ తప్పుతుంది. మొదటిసారి నేను మా సూపర్‌వైజర్ (అంటే కౌంటీ బోర్డు సభ్యుడు) ఆఫీసుకి ఫోన్ చేసింది మా వీధి చివర గుంత గురించి. అవతలివాళ్లు ఓపిగ్గా విని, "ఆ రోడ్డు కౌంటీది కాదండీ, రాష్ట్రానిది" అన్నారు. పదేళ్లుగా ఇక్కడ పన్ను కడుతున్న నాకు ఆ సంగతి తెలియదు. తప్పు నాదే.

వర్జీనియాలో 1932 నుంచీ కౌంటీ రోడ్ల నిర్వహణ రాష్ట్ర రవాణా శాఖ చేతిలో ఉంది. దాన్ని వీడాట్ అంటారు. ఆర్లింగ్టన్, హెన్రైకో కౌంటీలు మాత్రం తమ రోడ్లు తామే చూసుకుంటాయి. లౌడన్‌లో గుంత పూడ్చాలన్నా, పబ్లిక్ వీధిలో మంచు ఎత్తాలన్నా వీడాట్‌కే చెప్పాలి. లీస్‌బర్గ్ టౌన్ లోపల ఉంటే ఆ టౌన్‌కి చెప్పాలి. మీ టౌన్‌హౌస్ ముందున్నది ప్రైవేటు వీధి అయితే మీ హెచ్‌ఓఏకి, అంటే ఇళ్ల యజమానుల సంఘానికి చెప్పాలి.

మన ఊళ్ల లెక్కలో చెప్పుకుంటే బోర్డ్ ఆఫ్ సూపర్‌వైజర్స్ జిల్లా పరిషత్ లాంటిది, కాకపోతే దానికంటే చాలా బలమైనది. మొత్తం తొమ్మిది మంది. ఎనిమిది డిస్ట్రిక్టుల నుంచి ఒక్కొక్కరు, కౌంటీ అంతా ఓటేసి ఎన్నుకునే ఛైర్ ఒకరు. 2016 నుంచి ఛైర్ ఫిలిస్ రాండల్. కౌంటీ అడ్మినిస్ట్రేటర్‌ని మన కలెక్టర్‌తో పోల్చుకోవచ్చు, ఒక పెద్ద తేడాతో. కలెక్టర్‌ని పైనుంచి ప్రభుత్వం పంపిస్తుంది. ఇక్కడ అడ్మినిస్ట్రేటర్‌ని పెట్టుకునేదీ తీసేసేదీ ఈ తొమ్మిది మందే.

ఇంత బలమున్నా బోర్డు కాళ్లకి ఒక తాడు ఉంది. వర్జీనియా "డిల్లన్ రూల్" పాటించే రాష్ట్రం. అంటే రాష్ట్ర శాసనసభ స్పష్టంగా ఇచ్చిన అధికారాలే కౌంటీకి ఉంటాయి. మీరు అడిగింది ఎంత న్యాయమైనా, రాష్ట్రం ఆ అధికారం ఇవ్వకపోతే బోర్డు చేయగలిగింది లేదు. "మీరు తలుచుకుంటే అయిపోతుంది కదా" అని ఎవరైనా మైకు ముందు అన్నప్పుడు సభ్యుల ముఖాల్లో కనిపించే నీరసానికి కారణం ఇదే.

కాబట్టి బయల్దేరే ముందు ఈ జాబితా ఒకసారి చూసుకోండి:

- ఏ స్థలంలో ఏం కట్టొచ్చు, ఎంత ఎత్తు, ఇళ్లకి ఎంత దూరం, ఆస్తి పన్ను రేటు, లైబ్రరీలు, పార్కులు, ఫైర్ స్టేషన్లు: బోర్డు.
- మీ పిల్లవాడు ఏ స్కూలుకి వెళ్లాలి, స్కూళ్ల సరిహద్దులు, సిలబస్, బస్సులు: స్కూల్ బోర్డు. ఇది విడిగా ఎన్నికైన సంస్థ. డబ్బు మాత్రం సూపర్‌వైజర్లు ఇవ్వాల్సిందే, ఎందుకంటే వర్జీనియాలో స్కూల్ బోర్డుకి పన్ను వేసే అధికారం లేదు.
- పెద్ద కరెంటు టవర్ల లైన్లు: రిచ్‌మండ్‌లోని స్టేట్ కార్పొరేషన్ కమిషన్.
- డేటా సెంటర్ల డీజిల్ జనరేటర్ల పొగకి పర్మిట్: రాష్ట్ర పర్యావరణ శాఖ.
- తాగునీరు: లౌడన్ వాటర్ అనే వేరే సంస్థ, లేదా మీ టౌన్.
- కంచె రంగు, చెత్తబుట్ట ఎక్కడ పెట్టాలి: హెచ్‌ఓఏ. దీనికోసం బోర్డు సభలు జరిగే లీస్‌బర్గ్ దాకా వెళ్లి నవ్వులపాలు కావద్దు.

కరెంటు లైన్ల సంగతి మాత్రం విడిగా చెప్పాలి. ఆష్‌బర్న్ చుట్టుపక్కల ఇళ్ల వెనకనుంచి 500 కిలోవోల్టుల లైన్ వెళ్తుందని తెలిసినప్పుడు జనం సూపర్‌వైజర్లని నిలదీస్తారు. పాపం వాళ్లు కూడా కమిషన్ ముందు మనలాగే ఒక అభిప్రాయం చెప్పగలరంతే. అక్కడ కేసుకి ఒక నంబరు ఉంటుంది, దాని కింద ప్రజలు రాతపూర్వకంగా అభిప్రాయాలు పంపవచ్చు. మీ శక్తిని అటు పెట్టండి.

వీసా మీద ఉన్నవాళ్లు మాట్లాడొచ్చా?

మాట్లాడొచ్చు. హెచ్-1బీ అయినా, హెచ్-4 అయినా, గ్రీన్‌కార్డు అయినా పబ్లిక్ హియరింగ్‌లో (ప్రజల మాట వినే సభలో) మాట్లాడటానికి అడ్డు లేదు. పౌరసత్వ కాగితం ఎవరూ అడగరు. ఈ ఒక్క అనుమానంతో పదిహేనేళ్లుగా నోరు విప్పని కుటుంబాలు నాకు తెలుసు. పన్ను కట్టేటప్పుడు లేని మొహమాటం అడిగేటప్పుడు ఎందుకు?

రెండు విషయాల్లో మాత్రం ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి.

ఒకటి, ఓటు. పౌరులు కానివాళ్లు ఓటరుగా నమోదు కాకూడదు. డ్రైవింగ్ లైసెన్సు పనిమీద వెళ్లినప్పుడు ఓటరు నమోదు ప్రశ్న ఎదురవుతుంది. తొందరలో తప్పు గడిలో టిక్కు పెట్టకండి. "నేను పౌరుడిని" అని పొరపాటున సంతకం పెట్టినా తరవాత గ్రీన్‌కార్డు దగ్గర, పౌరసత్వం దగ్గర పెద్ద చిక్కు అవుతుంది.

రెండు, చందాలు. గ్రీన్‌కార్డు లేనివాళ్లు ఏ ఎన్నికల అభ్యర్థికీ డబ్బు ఇవ్వకూడదు. కౌంటీ ఎన్నికలకి కూడా ఇది వర్తిస్తుంది. స్నేహితుడి ఇంట్లో ఫండ్‌రైజర్‌కి పిలిస్తే వెళ్లి సమోసా తిని రండి, చెక్కు మాత్రం రాయకండి. భార్యకి గ్రీన్‌కార్డు ఉండి భర్తకి లేకపోతే, భర్త డబ్బుని ఆవిడ పేరు మీద ఇవ్వడం కూడా తప్పే.

పౌరులైనవాళ్లకి ఒక చిన్న మాట. 2025 నవంబర్‌లో హైదరాబాద్‌లో పుట్టిన గజాలా హష్మీ లెఫ్టినెంట్ గవర్నర్‌గా గెలిచినప్పుడు మన గ్రూపులన్నీ మోగిపోయాయి. సంతోషమే. కానీ మీ ఇంటి పక్క స్థలంలో ఏం రావాలో తేల్చే బోర్డు ఎన్నిక 2027 నవంబర్‌లో ఉంది. ఆ తేదీ కూడా అంతే గట్టిగా గుర్తుపెట్టుకోండి.

డబ్బు లెక్క తెలుసుకోకుండా లీస్‌బర్గ్ వెళ్లకండి

డేటా సెంటర్లు వద్దని ఒక్క ముక్కలో చెప్పి కూర్చుంటే ఎందుకు పట్టించుకోరో అర్థం కావాలంటే పన్ను రేటు చూడాలి. ఇంటి విలువలో ప్రతి 100 డాలర్లకి 2021లో 98 సెంట్లు కట్టేవాళ్లం. 2023లో 87.5 సెంట్లు, 2024లో 86.5 సెంట్లు. 2025కి వచ్చేసరికి 80.5 సెంట్లు.

8 లక్షల డాలర్ల ఇల్లు అనుకోండి. 86.5 సెంట్ల దగ్గర ఏడాదికి 6,920 డాలర్లు అవుతుంది, 80.5 దగ్గర 6,440. ఒక్కో సెంటు ఆ ఇంటికి ఏడాదికి 80 డాలర్లు. ఈ 80 అనే అంకె గుర్తుంచుకోండి, తరవాత పనికొస్తుంది. ఇళ్ల విలువ పెరుగుతుంది కాబట్టి రేటు తగ్గినంతగా బిల్లు తగ్గదు, అది వేరే బాధ.

రేటు ఇలా దిగడానికి పెద్ద కారణం డేటా సెంటర్లు. కౌంటీలో ఇవి దాదాపు 200 ఉన్నాయి. వాటి మీద వచ్చే పన్నులో ఎక్కువ భాగం గోడల మీద కాదు, లోపలున్న కంప్యూటర్ల మీద. ఒక డేటా సెంటర్ కోసం కౌంటీ ఖర్చుపెట్టే ప్రతి డాలరుకీ 26 డాలర్లు తిరిగొస్తాయన్నది కౌంటీ తరచూ చెప్పే లెక్క. ఇళ్ల విషయంలో ఇది తలకిందులు, ఎందుకంటే ఇల్లొస్తే పిల్లలొస్తారు, పిల్లలొస్తే స్కూలు కావాలి.

అయితే ఈ డబ్బు మీద పూర్తిగా ఆనుకోవడం కూడా ప్రమాదమే. కంప్యూటర్ల విలువ ఏటా కరిగిపోతుంది, కొత్తవి ఎప్పుడు పెడతారో కంపెనీల ఇష్టం. 2021లో ఈ పద్దు కింద అనుకున్నదానికంటే సుమారు 6 కోట్ల డాలర్లు తక్కువ రావడంతో కౌంటీ కంగారుపడింది. మరోవైపు కరెంటు. అడ్డూ అదుపూ లేకుండా వదిలేస్తే పదేళ్లలో వర్జీనియా విద్యుత్ అవసరం రెట్టింపు అవుతుందని 2024 డిసెంబర్‌లో శాసనసభ సొంత పరిశీలన సంస్థ జేలార్క్ తేల్చింది.

నా అభిప్రాయం అడిగితే, రెండు పక్షాలూ సగం సగమే మాట్లాడుతున్నాయి. "ఇక ఒక్కటి కూడా వద్దు" అనేవాళ్లు ఆ డబ్బు ఎక్కడినుంచి తేవాలో చెప్పరు. 26 డాలర్ల లెక్క చెప్పేవాళ్లు రాత్రి రెండింటికి కిటికీ అవతల గుంయ్‌మంటుంటే పడుకుని చూడలేదు. మన సంగతి మరీ తమాషా. పగలంతా క్లౌడ్‌లో ఉద్యోగం చేసి, రాత్రి ఆ క్లౌడే చెవుల్లో మోగుతోందని ఫిర్యాదు చేస్తాం. ఈ మాట ఎవరైనా మైకులో మిమ్మల్ని అడిగినా అడగొచ్చు, జవాబు సిద్ధంగా పెట్టుకోండి.

క్యాలెండర్ మీద నాలుగు గుర్తులు పెట్టండి

కౌంటీ ఆర్థిక సంవత్సరం జులై 1న మొదలవుతుంది. ఫిబ్రవరిలో అడ్మినిస్ట్రేటర్ బడ్జెట్ ప్రతిపాదన బోర్డు ముందు పెడతారు. ఆ తరవాత కొద్ది రోజులకే ప్రజల మాట వినే సభలు జరుగుతాయి. ఏప్రిల్ మొదట్లో బోర్డు ఆమోదిస్తుంది. పన్ను బిల్లు జూన్ 5న ఒకసారి, డిసెంబర్ 5న ఒకసారి కట్టాలి. చాలామందికి జూన్‌లో బిల్లు చూశాక కోపం వస్తుంది. అప్పటికి పుణ్యకాలం కాస్తా అయిపోయి రెండు నెలలవుతుంది.

మీ బాధ పన్ను రేటు గురించి కాకుండా మీ ఇంటికి కట్టిన విలువ గురించి అయితే బోర్డు దగ్గరికి వెళ్లకండి. ఆ పని కమిషనర్ ఆఫ్ ద రెవెన్యూ అనే వేరే ఎన్నికైన అధికారిది. ఏడాది మొదట్లో వచ్చే ఉత్తరంలోనే అభ్యంతరం చెప్పడానికి గడువు రాసి ఉంటుంది. మీ వీధిలో ఈమధ్య అమ్ముడైన, మీ ఇంటిలాంటి మూడు ఇళ్ల ధరలు పట్టుకెళ్తే చాలు. అక్కడ ఒప్పుకోకపోతే అప్పీలు వినడానికి బోర్డ్ ఆఫ్ ఈక్వలైజేషన్ ఉంది.

దరఖాస్తు ఫైలు చదవండి

జోనింగ్ (ఏ స్థలంలో ఏం కట్టొచ్చనే) విషయమైతే ఇదే అసలు పని. ఎక్కువమంది వదిలేసేది కూడా ఇదే.

ఒక పాత సంగతి చెప్పాలి. 2025 మార్చి వరకు కౌంటీలో కొన్ని జోన్లలో డేటా సెంటర్ "బై-రైట్" కిందికి వచ్చేది. స్థలం ఆ జోన్‌లో ఉండి, నిబంధనలు సరిపోతే చాలు, పబ్లిక్ హియరింగ్ లేకుండానే సిబ్బంది స్థాయిలో అనుమతి వచ్చేసేది. మీరూ నేనూ వెళ్లి మాట్లాడటానికి సభే ఉండేది కాదు. 2025 మార్చి 18న బోర్డు ఆ పద్ధతి తీసేసింది. ఇప్పుడు డేటా సెంటర్‌కి "స్పెషల్ ఎక్సెప్షన్" కావాలి, అంటే ప్రజల ముందు విచారణ జరిగి బోర్డు ఓటేయాలి. అయితే అప్పటికే వరసలో ఉన్న దరఖాస్తులు కొన్నిటికి మినహాయింపు దొరికింది. మీరు చూసిన నోటీసు ఏ కోవలోదో ముందు తెలుసుకోండి.

నోటీసు మీద ఒక దరఖాస్తు నంబరు ఉంటుంది. ఫోన్‌తో ఫొటో తీసుకోండి. కౌంటీ వెబ్‌సైట్‌లో "లోలా" అనే దరఖాస్తుల విభాగం ఉంది, అక్కడ ఆ నంబరు కొడితే ఫైలు మొత్తం తెరుచుకుంటుంది. వందల పేజీలు చూసి టెన్షన్ పడకండి. మూడు కాగితాలు చాలు: దరఖాస్తుదారు రాసుకున్న వివరణ, స్థలం ప్లాను, కౌంటీ సిబ్బంది నివేదిక. సిబ్బంది నివేదికలో "ఇంకా తేలని అంశాలు" అని ఒక భాగం ఉంటుంది. బంగారం అక్కడ దొరుకుతుంది. మీ అభ్యంతరం ఆ జాబితాలో ఇప్పటికే ఉంటే, మీరు కొత్తగా వాదించక్కర్లేదు. "మీ సిబ్బందే ఈ మాట అన్నారు" అంటే సరిపోతుంది.

ఆ ఫైలు ముందు ప్లానింగ్ కమిషన్‌కి వెళ్తుంది. అందులో కూడా తొమ్మిది మందే, సూపర్‌వైజర్లు నియమించినవాళ్లు. వాళ్లు సలహా మాత్రమే ఇస్తారు, తుది మాట బోర్డుది. సలహాయే కదా అని ఈ సభని వదిలేయకండి. మార్పులు చేర్పులు జరిగేది ఇక్కడే. బోర్డు దాకా వచ్చేసరికి పిండి ముద్ద అయిపోయి ఉంటుంది, ఇక అట్టు పోయడమే మిగులుతుంది.

రెండు మాటలు తెలిసి ఉండాలి. రీజోనింగ్ (స్థలానికి జోన్ మార్పు) అడిగే బిల్డర్ తనంతట తాను రాసిచ్చే హామీలని "ప్రాఫర్లు" అంటారు. చెట్ల వరస వేస్తాననీ, రోడ్డుకి ఇంత స్థలం వదులుతాననీ, ఇంత ఎత్తు మించననీ రాసిస్తాడు. బోర్డు ఆమోదించాక అవి ఆ స్థలానికి కట్టుబాటు, రేపు యజమాని మారినా వర్తిస్తాయి. స్పెషల్ ఎక్సెప్షన్‌లో అయితే బోర్డే "షరతులు" పెడుతుంది. మీరు అడగాల్సింది ఎప్పుడూ ఈ రెండిట్లో ఒకటి. "న్యాయం చేయండి" అనేది షరతు కాదు. "ఇళ్ల వైపున్న గోడకి కూలింగ్ యంత్రాలు పెట్టకూడదు" అనేది షరతు.

చప్పుడుకి లెక్క రాయండి

ఇప్పటికే పక్కన ఒక డేటా సెంటర్ ఉండి, రెండోది వస్తోందా? అయితే మీ దగ్గర సాక్ష్యం ఉన్నట్టే. ఒక నోటు పుస్తకం పెట్టండి. తేదీ, టైము, ఇంట్లో ఏ గది, కిటికీ తెరిచి ఉందా, బయట ఎండా చలా, ఎంతసేపు. అంతే. ఆరు వారాలు రాయండి.

ఈ పనికి అందరికంటే మంచి మనిషి ఇంట్లో ఉండే అమ్మగారో అత్తగారో. మనం ఆఫీసులో ఉన్నప్పుడు, హెడ్‌ఫోన్లు పెట్టుకున్నప్పుడు, ఆవిడ వింటూనే ఉంటారు. తెలుగులో రాసినా పరవాలేదు, తరవాత మీరు ఇంగ్లీషులోకి మార్చి కింద ఆ మాట రాయండి. "మోటారు వదిలేసి వెళ్లిపోయినట్టు మోత" అని మా ఇంట్లో రాసిన వాక్యం ఏ డెసిబెల్ అంకెకంటే బాగా పనిచేసింది.

డెసిబెల్ అంటే గుర్తొచ్చింది. ఫోన్ యాప్ అంకెలు పట్టుకుని మైకు ముందు గొడవపడకండి. సాధారణంగా ఆ యాప్‌లు చూపేది ఏ-వెయిటింగ్ కొలత. ఫ్యాన్ల నుంచి వచ్చే గుంయ్‌మనే మంద్ర శబ్దాన్ని ఆ కొలత తక్కువ చేసి చూపిస్తుంది. మీ అంకె తక్కువగా ఉంటే అవతలి కన్సల్టెంట్ దాన్నే మీ మీద వాడతాడు.

సభకంటే ముందే మనిషిని కలవండి

ఇది చాలామందికి తెలియని రహస్యం, నిజానికి రహస్యమేమీ కాదు. పబ్లిక్ హియరింగ్ రోజుకి చాలామంది సభ్యుల మనసులో ఒక నిర్ణయం ఉంటుంది. దాన్ని కదిపే అవకాశం అంతకు మూడు నాలుగు వారాల ముందే ఎక్కువ.

మీ డిస్ట్రిక్ట్ ఏదో చూసుకోండి. డల్లెస్, లిటిల్ రివర్, బ్రాడ్ రన్, ఆష్‌బర్న్, ఆల్గాంకియన్, స్టెర్లింగ్, లీస్‌బర్గ్, కటాక్టిన్, ఈ ఎనిమిదిలో ఒకటి. ఆష్‌బర్న్ అడ్రసు ఉన్నవాళ్లంతా ఆష్‌బర్న్ డిస్ట్రిక్ట్ కారు, ఇక్కడ చాలామంది పొరబడతారు. ఆ సూపర్‌వైజర్ ఆఫీసులో ఉండే సహాయకులకి ఈమెయిల్ రాసి ఇరవై నిమిషాలు అడగండి. మీలాంటి ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లండి, ముప్పై మంది వద్దు. ఒక పేజీ కాగితం ఇచ్చి రండి. ఆ పేజీలో దరఖాస్తు నంబరు, మీరు ఎంత దూరంలో ఉంటున్నారు, మీరు అడిగే రెండు షరతులు, అంతే.

ఒకే ఉత్తరాన్ని నాలుగు వందల మంది పేరు మార్చి పంపడం మనవాళ్లకి అలవాటు. ఆ నాలుగు వందలూ ఒక్కటిగానే లెక్క. పది మంది సొంత మాటల్లో రాసిన పది ఉత్తరాలు దానికంటే బరువు.

ఏవైనా కాగితాలు బయటపెట్టలేదని అనుమానం ఉంటే వర్జీనియా సమాచార స్వేచ్ఛ చట్టం కింద అడగండి. మన ఆర్‌టీఐ లాంటిదే. ఐదు పనిదినాల్లో జవాబివ్వాలి, కావాలంటే ఇంకొంత గడువు కోరతారు. మీ పేరు, చిరునామా అడగొచ్చు. వెతకడానికి అయ్యే ఖర్చు కూడా వసూలు చేస్తారు కాబట్టి "అన్ని ఈమెయిళ్లూ" అని అడక్కుండా తేదీలు, పేరు, నంబరు చెప్పి అడగండి.

మైకు ముందు

మీకు దొరికేది రెండు మూడు నిమిషాలు. ఖచ్చితంగా ఎంతో ఆ రోజు అజెండాలో ఉంటుంది. ముందే పేరు నమోదు చేసుకోవాలి, ఆ లింకూ గడువూ కూడా అక్కడే ఉంటాయి. సభ లీస్‌బర్గ్‌లో హారిసన్ వీధిలోని గవర్నమెంట్ సెంటర్‌లో జరుగుతుంది, సాయంత్రం. మీ అంశం ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. రాత్రి తొమ్మిది దాటొచ్చు, పిల్లలకి అన్నం పెట్టేవాళ్లని చూసుకుని రండి.

మాట్లాడాల్సింది ఇంగ్లీషులోనే అయినా ముందు తెలుగులో రాసుకోండి. తెలుగులో రాస్తే అనవసరమైనది ఏదో మనకే తెలిసిపోతుంది. అది ఇలా ఉండొచ్చు:

"నా పేరు ఫలానా. డల్లెస్ డిస్ట్రిక్ట్‌లో, ఈ స్థలానికి ఎనిమిది వందల అడుగుల దూరంలో ఉంటాం. ఈ దరఖాస్తుని రెండు షరతులు లేకుండా ఆమోదించవద్దని అడగడానికి వచ్చాను. ఒకటి, జనరేటర్ల పరీక్షలు పనిరోజుల్లో, పగటిపూట మాత్రమే జరగాలి. రెండు, ఇళ్ల వైపు గోడకి కూలింగ్ యంత్రాలు ఉండకూడదు. పక్కనున్న పాత భవనం చప్పుడు మా అత్తగారు ఆరు వారాలు రాసిపెట్టారు, కాపీ మీకు ఇస్తున్నాను. మీ సిబ్బంది నివేదికలో కూడా శబ్దం ఇంకా తేలని అంశంగానే ఉంది. ఈ పన్ను వల్ల నా ఇంటి మీద భారం తగ్గిందని నాకు తెలుసు. ఒక సెంటు అంటే మా ఇంటికి ఏడాదికి 80 డాలర్లు. రాత్రి నిద్ర కోసం ఆ 80 డాలర్లు కట్టడానికి మేం సిద్ధం. నమస్కారం."

అడగదల్చుకున్నది మొదటి అర నిమిషంలోనే వచ్చేసింది చూడండి. మనవాళ్లు సాధారణంగా "ముందుగా ఈ అవకాశం ఇచ్చినందుకు..." అని మొదలుపెట్టి, ఎప్పుడు అమెరికా వచ్చారో, పిల్లలేం చదువుతున్నారో చెప్పి, అసలు సంగతికి వచ్చేసరికి గంట మోగుతుంది. ఆ 80 డాలర్ల వాక్యం కూడా ఊరికే పెట్టలేదు. ఎదురుప్రశ్న అడిగే అవకాశాన్ని అది ముందే తీసేస్తుంది.

మీ ముందు మాట్లాడినవాళ్లు మీ మాటే చెప్పేశారా? మళ్లీ అదే చదవకండి. "ముందు మాట్లాడినవారితో ఏకీభవిస్తున్నాను, ఒక్క విషయం కలుపుతాను" అని ఇరవై సెకన్లలో ముగించండి. రాత్రి పది గంటలకి మీ మేలు ఎవరూ మర్చిపోరు. చప్పట్లు కొట్టకండి, వెనకనుంచి కేకలు వేయకండి. సభ అంతా వీడియో రికార్డవుతుంది, అది తరవాత ఎవరైనా చూడొచ్చు. సభ్యులు మీకు అక్కడికక్కడే జవాబివ్వకపోతే అవమానం అనుకోవద్దు, పద్ధతే అంత.

రాలేనివాళ్లు రాతపూర్వకంగా పంపండి. అది కూడా ఫైల్లో చేరుతుంది.

ఓటు పడ్డాక

హియరింగ్ రోజే ఓటు వేయాలని లేదు. చాలాసార్లు తరవాతి బిజినెస్ మీటింగ్‌కి వాయిదా వేస్తారు. ఆ మధ్యలో బిల్డర్ లాయర్ మార్పులతో కొత్త కాగితం తెస్తాడు. అందుకే హియరింగ్ మర్నాడు లోలా మళ్లీ తెరిచి చూడండి, మీ షరతుల్లో ఒకటి లోపలికి వచ్చిందేమో. వస్తే మీ సూపర్‌వైజర్ సహాయకుడికి రెండు లైన్ల కృతజ్ఞత రాయండి. రాకపోతే అదే రోజు ఫోన్ చేయండి.

ఓడిపోతే కోర్టుకి వెళ్లే దారి ఉంది కానీ నిర్ణయం జరిగిన 30 రోజుల్లో సర్క్యూట్ కోర్టులో వేయాలి, లాయర్ ఖర్చు మామూలుగా ఉండదు. ముందు హెచ్‌ఓఏ తన లాయర్‌తో మాట్లాడుతుందేమో కనుక్కోండి.

గెలిచినా, సగం గెలిచినా, ఆమోదించిన షరతుల కాగితం ప్రింటు తీసి ఫ్రిజ్ మీద అంటించండి. రెండేళ్ల తరవాత ఆదివారం పొద్దున ఆరింటికి జనరేటర్లు మోగినప్పుడు జోనింగ్ ఎన్‌ఫోర్స్‌మెంట్‌కి ఫోన్ చేసి, "చాలా చప్పుడుగా ఉంది" అనకుండా, దరఖాస్తు నంబరు, షరతు నంబరు, మోత మొదలైన నిమిషం చెప్పండి. నోటు పుస్తకం పారేయకుండా ఉంచారు కదా?